దశాంశ బిందువును గూర్చి బాస్ లినక్స్ నిర్మాతలకు బహిరంగ లేఖ



భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్ అను నిడుపాటి పేరుతో పుట్టి, బాస్ అను పొట్టి పేరున వ్యవహరింపబడుచున్న లినక్స్ వ్యవస్థను 2007వ సంవత్సరము మొదలుకొని చెన్నై సీ-డాక్ కేంద్రమునందు పెంచి పోషించుచున్న మీకు, ధర్మపురి జిల్లా పాలకోడు నుండి, ఇంట తెలుగును వీథిలో తమిళమును మాటలాడు కుటుంబమున పుట్టిన నేను పత్రికాముఖమున ఈ లేఖ వ్రాయుచున్నాను. విషయము దశాంశ బిందువు. కంప్యూటరు తెరమీద చిన్న చిన్న పనులు చక్కబెట్టుటకై మనవారు వ్రాసికొను షెల్ స్క్రిప్టులు ఆ బిందువును ఏ రీతిని చదువుచున్నవో, ఏ రీతిని వ్రాయుచున్నవో, ఎచ్చట తబ్బిబ్బు పడుచున్నవో విన్నవించి, మీ చేతనైన యొక ఉపకారమును యాచించుట నా యుద్దేశము.

మీకే యేల వ్రాయవలెనని అడుగుదురేని, 2011లో తమిళనాడు ప్రభుత్వము ఆరంభించిన ఉచిత ల్యాప్‌టాప్ పథకము మూలమున, విండోస్ సరసన మీ బాస్ కూడ ఎక్కియున్న యంత్రములు మా బోటి మారుమూల ఊళ్ల విద్యార్థుల యిండ్లకు వచ్చినవి. నల్లని తెరపై ఆజ్ఞలు టైపు చేయు విద్యను అనేకులకు మొదట రుచి చూపినవి ఆ యంత్రములే. మీ వ్యవస్థయందు ఈ దోషము కలదని నేను ఆరోపించుట లేదు. దోషము లోకమునందంతట స్క్రిప్టులు వ్రాయువారి అలవాటులో నున్నది. భారతీయ భాషలను కంప్యూటరులో నిలుపుటయే ప్రతిజ్ఞగా గల ప్రభుత్వ సంస్థ మీది గనుక, ఆ అలవాటును మాన్పించుటకు మీ మాటకున్న బలము నా వంటి వాని మాటకు లేదు.

మూడున్నరను మనము 3.5 అని వ్రాయుదుము. జర్మనులు, ఫ్రెంచివారు, ఇటాలియనులు, రష్యనులు, బ్రెజిలు దేశస్థులు 3,5 అని వ్రాయుదురు. ఇందెవ్వరిది తప్పని తీర్పు చెప్పుటకు తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభవారే సాహసింపక, 2003లో జరిగిన తమ 22వ సమావేశమున, బిందువైనను కామాయైనను దశాంశ చిహ్నముగా చెల్లునని తీర్మానించి ఊరకుండిరి. మానవులకు ఈ తీర్మానము చాలును. జర్మను మిత్రుని జాబులో 3,5 కిలోలని చూచిన మనము ముప్పదియైదు కిలోలని భ్రమపడము. యంత్రమునకు సందర్భజ్ఞానము లేదు గావున దానికొక నియమము కావలసివచ్చి, 1989 నాటి సీ భాషా ప్రమాణము లొకేల్ అను ఏర్పాటును కల్పించినది. అక్షరముల వరుస, తేదీ వ్రాత, ద్రవ్య చిహ్నము, సందేశముల భాష, సంఖ్యల రూపము వీనిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క పరిసర చరము ఏర్పడినది; సంఖ్యలకైనది ఎల్‌సీ న్యూమరిక్. దాని విలువ జర్మను పద్ధతిగా నున్నచో, ఆ పద్ధతిని పాటించు ప్రతి ఉపకరణమును కామానే దశాంశముగా చదువును, కామానే వ్రాయును. చిక్కంతయు ఆ "పాటించు" అన్నచోట నున్నది. ఏలయన కొన్ని పాటించును, కొన్ని పాటింపవు, కొన్ని చదువునప్పుడు రెంటిని అంగీకరించి వ్రాయునప్పుడు ఒక్కదానినే వ్రాయును.

ఒక్క దృష్టాంతమును తీరికగా పరిశీలింతము. చూపు మందగించిన పెద్దలకై తెరమీది అక్షరములను కొంచెము కొంచెముగా పెద్దవి చేయు స్క్రిప్టు నొకదానిని ఒక విద్యార్థి వ్రాసినాడనుకొందము. గ్నోమ్ తెరయందు అక్షర ప్రమాణము జీసెట్టింగ్స్ అను ఉపకరణమునకు లోబడియుండును. దాని నడుగగా 1.25 అని చెప్పును. అది తన సంఖ్యలను లొకేల్ ఏదైనను బిందువుతోనే చెప్పును, బిందువుతోనే వినును. బాష్ షెల్లునకు పూర్ణాంకములు తప్ప భిన్నములు తెలియవు గనుక, విద్యార్థి ఆ 1.25ను బీసీ అను గణకమునకు పంపి, 0.10 కలుపుమనగా 1.35 వచ్చినది; బీసీయు లొకేల్‌ను ఎఱుగదు. ఇంతవఱకు క్షేమము. రెండు స్థానములకు సరిచేయుటకై ఆ 1.35ను బాష్ లోని ప్రింటెఫ్ అను ఆజ్ఞకు ఇచ్చినాడు. పాలకోడులో 1.35 అనియే వచ్చును, అక్షరములు పెద్దవగును, తాతగారు సంతోషింతురు. అదే స్క్రిప్టును జర్మనీలో ఉద్యోగము చేయుచున్న బంధువు తన యంత్రమున నడిపినచో, ప్రింటెఫ్ 1 వఱకు చదివి, బిందువును చూచి అది తాను ఎఱిగిన దశాంశ చిహ్నము కాదని ఆగిపోయి, చెల్లని సంఖ్యయని యొక మూల గొణిగి, చదివినంతమట్టునకు 1,00 అని వ్రాసిపెట్టును. ఆ 1,00ను జీసెట్టింగ్స్‌కు ఇచ్చినచో, కామాను చూచి అది తిరస్కరించును. నాలుగడుగుల దారిలో రెండు ఉపకరణములు ఒక భాషను, నడుమ నొకటి మఱియొక భాషను మాటలాడినందున పని చెడినది. వీనిలో ఏ యొక్కటియు తన నియమమును ఉల్లంఘింపలేదు.

టెర్మినల్ యెదుట కూర్చుండి నడిపినవానికి ఆ గొణుగుడైనను కనబడును. తెరమీది బొమ్మను నొక్కియో, మీటల జతను అదిమియో, లాగిన్ కాగానే తనంతట ప్రారంభమగునట్లు అమర్చియో నడిపిన స్క్రిప్టునకు టెర్మినల్ ఉండదు. దాని మొఱలన్నియు వ్యవస్థ చిట్టాలో ఎవ్వరును చదువని చోట పడియుండును. పైగా గ్నోమ్, కేడీఈ తెరలయందు భాష వేఱు, రూపముల ప్రాంతము వేఱుగా ఎన్నుకొను వీలున్నది. ఇంగ్లీషు భాషను, జర్మను సంఖ్యారూపములను కోరుకొన్నవాని తెరపై మాటలన్నియు ఇంగ్లీషున నుండుటచే, సహాయము చేయవచ్చిన మిత్రునికి లొకేల్ మీద అనుమానమైనను కలుగదు.

ఇట్టి ఉచ్చులు ఇంకను కొన్ని కలవు. త్వరగా చెప్పి విడిచెదను. సీక్ అను ఆజ్ఞ సంఖ్యల వరుసను కామాలతో వ్రాసి బీసీకి ఇచ్చిన, బీసీ వాక్యదోషమని మొఱపెట్టును. 2019లో వచ్చిన బాష్ 5.0 మైక్రోసెకనుల వఱకు కాలమును చెప్పు చరము నొకదానిని సమకూర్చినది. అందలి బిందువును తీసివేసి పూర్ణాంకముగా చేసికొను ఉపాయము బాగుగా వ్యాపించినది గాని, కామా దేశమున తీసివేయుటకు బిందువే ఉండదు. కెర్నెల్ తన భారమును చెప్పు లోడ్ఏవరేజ్ ఫైలులోనో ఎల్లప్పుడును బిందువే యుండును, గనుక కామా దేశపు ప్రింటెఫ్ దానిని సగమే చదువును. సార్ట్ సంగతి వింతలలో వింత: సంఖ్యాక్రమమున పేర్చుమన్నప్పుడు అది జర్మను లొకేల్‌లో బిందువును వేలను విడదీయు గుర్తుగా ఎంచి విడిచివేయును, అందువలన 1.5 అనునది 15గా మాఱి, 9 తరువాత పోయి కూర్చుండును. ఇచ్చట గొణుగుడు సైతము లేదు.

చెఱకు పండించు ఊరిలో దశాంశ బిందువు బడిపుస్తకపు సంగతి కాదు. పాలకోడు చెంత ధర్మపురి జిల్లా సహకార చక్కెర మిల్లు కలదు. చెఱకునకు కేంద్ర ప్రభుత్వము నిర్ణయించు కనీస ధరయగు ఎఫ్.ఆర్.పి. 2024-25 సంవత్సరమునకు, 10.25 శాతము రికవరీ (చెఱకునుండి దిగు చక్కెర పాలు) మీద, క్వింటాలు ఒక్కింటికి 340 రూపాయలుగా నుండెను. రికవరీ 0.1 శాతము పెరిగినకొలది 3.32 రూపాయలు పెరుగునట్లును, తగ్గినకొలది అంతే తగ్గునట్లును, 9.5 శాతమునకు లోబడిన చోట మాత్రము 315.10 రూపాయలకంటె దిగనట్లును నాటి నియమము. ఇపుడు రికవరీ 10.75 అనుకొందము. అరశాతము హెచ్చు గనుక ఐదు మాఱులు 3.32, అనగా 16.60 కలిసి, ధర 356.60 కావలెను. ఈ లెక్కను ఆక్ అను భాషలో రెండు పంక్తులలో వ్రాయవచ్చును. గ్నూ వారి ఆక్ మామూలుగా నడుచునప్పుడు లొకేల్‌ను లెక్కచేయదు. పోసిక్స్ ప్రమాణమును అక్షరాలా పాటింపుమని ఆజ్ఞాపించినచో, స్క్రిప్టులో వ్రాసియున్న 10.25ను బిందువుతోను, బయటి ఫైలునుండి వచ్చిన 10.75ను లొకేల్ ననుసరించియు చదువును. ప్రమాణము చెప్పినదియు అదియే. జర్మను లొకేల్‌లో ఆ 10.75 వట్టి 10 అగును. 10 అనునది 10.25 కంటె తక్కువ గనుక ధర పెరుగుటకు మాఱు 8.30 తగ్గి, 331,70 అని చక్కగా ముద్రితమగును. క్వింటాలునకు 24.90, టన్నునకు 249 రూపాయల తేడా. ఏ మిల్లునందును ఇట్టి లెక్క జరిగినదని నా భావము కాదు. జరిగినను యంత్రము కిక్కురుమనదని మాత్రమే నా మనవి. శాతములో పదింట ఒకవంతుకు రూపాయలు కట్టిన ధరను లెక్కించునప్పుడు, సంఖ్య సగము చదువబడినదని తెలిసికొను మార్గము స్క్రిప్టులో నుండి తీరవలెను.

కామా విదేశీయుల తలనొప్పి యని, మనకేమి యని అనువారు మన కామానే మఱచుచున్నారు. పాలకోడు టమాటా మండీలో ఒకనాటి అమ్మకపు మొత్తమును ఎవరైనను 1,25,000 అని వ్రాయుదురు. ఆ కాగితమును ఫైలుగా మార్చి ఆక్ చేత కూడించినచో, అది మొదటి కామా దగ్గర ఆగి, లక్షా యిరువదియైదు వేలను ఒక్క రూపాయిగా ఎంచి కూడును. తప్పిదము చూపదు, హెచ్చరింపదు. భారతీయ లొకేల్ ఉన్నను ఇంతే. చివరి మూడంకెలు ఒక గుంపు, ఆపైన రెండేసి యంకెలు ఒక్కొక్క గుంపు అను మన నియమము అందు పొందుపఱుపబడియే యున్నది గాని, అది వ్రాయుటకు అక్కఱకు వచ్చునే గాని ఆక్ చదువుటకు అక్కఱకు రాదు. ప్రింటెఫ్‌లో సంఖ్యారూపమునకు ముందు ఒక చిన్న కొటేషను గుర్తు చేర్చినచో 1250000 అనునది భారతీయ లొకేల్‌లో 12,50,000గా వెలువడును. ఆ వెలువడినదానినే తిరిగి లెక్కకు ఇచ్చిన సర్వనాశనము. మనుష్యులకై అలంకరించిన సంఖ్యను మరల యంత్రమునకు ఆహారముగా పెట్టరాదు. నేను చెప్పదలచిన దంతయు నిజముగా ఈ యొక్క వాక్యమున నున్నది. తక్కినది దానికి వ్యాఖ్య.

ఇచ్చట నొక ముచ్చట చెప్పి ముందునకు సాగెదను. మన పూర్వుల పద్దులలో ఈ తగవే లేదు. తెలుగు లెక్కలలో భిన్నములు దశాంశములు గాక నాలుగేసి వంతులుగా విభజింపబడి, కాలు, వీసము మొదలగు మానములకు ప్రత్యేక చిహ్నములు కలిగియుండెను. ఆ చిహ్నములు 2008లో యూనికోడ్ 5.1 నందు స్థానము పొందినవి. 1957 ఏప్రిల్ 1వ తేదీన నయాపైసలు చలామణికి వచ్చువఱకు రూపాయలు, అణాలు, పైసలు మూడు గళ్లలో వేఱువేఱుగా వ్రాయబడెడివి. పూర్ణమునకును భిన్నమునకును నడుమ నిలువవలసిన గుర్తు బిందువా కామాయా అను ప్రశ్న బజారులో ఎవ్వరికిని రాలేదు. దశాంశ పద్ధతి సులువైనదే. అందులకు సందేహము లేదు. సులువుతో కూడ ఆ ఒక్క గుర్తు మీద భారమంతయు వచ్చి పడినది.

ఇక చికిత్స. ఎల్‌సీ ఆల్ అను చరమునకు సీ అను విలువ నిచ్చి స్క్రిప్టు నారంభింపుమని నేర్పరులు సైతము ఉపదేశించుచుందురు. లెక్కలు దీనితో నిజముగా కుదుటపడును. కాని ఎల్‌సీ ఆల్ అన్నింటిని మింగు చరము. సంఖ్యలతో పాటు అక్షరములను, సందేశములను కూడ లాగుకొనిపోవును. పాలకోడు అను పేరులో యూనికోడ్ లెక్కకు ఏడు సంకేతములున్నవి; యూటీఎఫ్-8 లో ఒక్కొక్కటి మూడు బైట్లు. తెలుగు లొకేల్‌లో బాష్ నడిగిన ఆ పేరు పొడవు 7 అని చెప్పును. సీ లొకేల్‌లో అడిగిన 21 అని చెప్పును. పేరులో మొదటి అక్షరమును తీసికొమ్మన్న, అక్షరములో మూడవవంతు ముక్కను తీసికొని తెరమీద పిచ్చిగుర్తును వేయును. తెలుగున పలుకవలసిన సంవాదపు పెట్టె ఇంగ్లీషున పలుకును. ఒక బిందువును కాపాడుటకై భాషనంతటిని త్యజించు ఈ వైద్యము ఎలుకమీది కోపమున ఇంటికి నిప్పు పెట్టుట వంటిది. యూటీఎఫ్-8 తో కూడిన సీ లొకేల్, 2022లో వెలువడిన జీలిబ్సీ 2.35 నుండి మూలమునందే చేరినందున, అక్షరముల ముక్కలగుట తప్పించుకొనవచ్చును. భాష మాత్రము అపుడును పోవును.

సరియైన మార్గము ఇంతకంటె కష్టమేమియు కాదు. ఎల్‌సీ న్యూమరిక్ ఒక్కదానినే సీ విలువకు మార్చి, తక్కిన చరములను వాని మానమున విడువవలెను. అట్లు చేయునపుడు ఒక జాగ్రత్త కావలెను: ఎల్‌సీ ఆల్ ముందే విలువ కలిగియున్నచో ఎల్‌సీ న్యూమరిక్ మాట చెల్లదు, ఆ చరములలో ఎల్‌సీ ఆల్ పెద్దది, దాని తరువాత ఆయా విభాగపు చరము, అన్నింటికంటె వెనుక లాంగ్. కావున స్క్రిప్టు మొదట ఎల్‌సీ ఆల్ నిండియున్నదేమో చూచి, నిండియున్న దాని విలువను లాంగ్‌కు అప్పగించి, ఎల్‌సీ ఆల్‌ను తొలగించి, ఆ పిదప ఎల్‌సీ న్యూమరిక్‌ను సీ గా నిలుపవలెను. నాలుగు పంక్తుల పని. లోపల సంఖ్యలన్నియు బిందువుతో తిరుగును. తెరపై చూపబోవు కట్టకడపటి పంక్తియందు మాత్రము వాడుకరి లొకేల్‌ను తిరిగి పిలిచి, జర్మను వానికి కామాతోను, మనకు లక్షల విభజనతోను చూపవచ్చును. వాడుకరి టైపు చేసిన సంఖ్యను పుచ్చుకొనునపుడు మాత్రము ఊహాగానము పనికిరాదు. 12.500 అను వ్రాత మన కాటా చీటిపై పన్నెండున్నర టన్నులు; జర్మను కంటికి పన్నెండువేల ఐదువందలు. ఇట్టిచోట స్క్రిప్టు తానే ఒకటి నిశ్చయించికొనక, అర్థమైనదానిని మరల చూపి ఔనా యని అడుగుట మర్యాద.

ఇంత సులువైన మందు ఇంతకాలము వాడుకలోనికి ఏల రాలేదనిన, మనకు జబ్బు కనబడకపోవుటయే కారణమని నా నమ్మకము. తెలుగు, తమిళ, కన్నడ, హిందీ, భారతీయాంగ్ల లొకేల్‌లన్నియు బిందువునే దశాంశముగా గైకొన్నవి. కృష్ణగిరిలో, హోసూరులో, బెంగళూరులో కూర్చుండి మనవారు వ్రాయు స్క్రిప్టులు ఎన్ని మాఱులు పరీక్షించినను ఉత్తీర్ణములే యగును. అవి సముద్రములు దాటిన పిమ్మట, మన యెఱుకలేని చోట కూలును. సముద్రము దాటనక్కఱలేదు కూడ. 1954 వఱకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన పుదుచ్చేరి మనకు పొరుగు. 1826లో స్థాపితమైన ఫ్రెంచి లైసీ నేటికిని అచ్చట నడుచుచున్నది, తెలుగువారి యానాము పుదుచ్చేరి ప్రభుత్వము క్రిందనే యున్నది. ఫ్రెంచి రూపములను ఎన్నుకొన్న యంత్రము నొకదానిని తమిళదేశపు పొలిమేరలోనే చూడవచ్చును.

కనుక మీకు నా ప్రార్థన యిది. మీరు వెలువరించు వ్యవస్థలో చేర్చు ప్రతి షెల్ స్క్రిప్టును విడుదలకు ముందు ఒక జర్మను లొకేల్‌లోను, ఒక ఫ్రెంచి లొకేల్‌లోను నడిపి చూడుడు. ఫ్రెంచిని కూడ ఏల అనిన, అందు వేలను విడదీయునది కంటికి కానరాని సన్నని ఖాళీ, అది మఱియొక రకపు ఉచ్చు. మీ శిక్షణ తరగతులలో స్క్రిప్టు రచన నేర్పు తొలి పాఠముననే, లెక్కించు సంఖ్యకును చూపించు సంఖ్యకును గల భేదమును, పైన చెప్పిన నాలుగు పంక్తులను చేర్పుడు. ఆ పాఠమును ఇంగ్లీషుననే ఉంచక తెలుగు, తమిళ, కన్నడములలో అచ్చొత్తించి మా జిల్లా పాఠశాలలకు పంపుడు; ఈ మూడు భాషలును కలిసి వినబడు సీమ మాది, చదువువారు కలరు. స్క్రిప్టులు వ్రాయు యువకులను కోరునదియు నొకటున్నది: నేడు మీ యంత్రమున జర్మను లొకేల్‌ను ఎక్కించి, మీరు వ్రాసిన స్క్రిప్టు నొకదానిని దాని క్రింద నడిపి చూడుడు.

ఇట్లు,
పాలకోడు వాస్తవ్యుడగు ఒక తెలుగువాడు